ఒక్క చక్రానికి చాలిన టేపు

“అది కింద పెట్టమ్మా! ఆ టేపు నాది.”

మునినారాయణప్ప గొంతుకు బసవరాజు సైకిళ్ల అంగడిలో వేలాడుతున్న చక్రాలు సైతం కంపించినట్టయింది.

టేపు చేతబట్టుకొన్న స్త్రీ ఉలిక్కిపడి వెనుదిరిగింది. భుజాన సంచి, నలిగిన చీర, ముఖాన పగలంతా నిలబడి పనిచేసిన అలసట.

“నేను ముందే తీసుకున్నానండీ.”

“ముందేంది, వెనకేంది? పొద్దున్నే ఫోన్ చేసి చెప్పినాను. ఏమప్పా బసవరాజు, చెప్పలేదా?”

“ఉండాదా అని అడిగినారు సార్. ఉండాది అన్నాను.”

“ఉండాదా అంటే పక్కన పెట్టమని అర్థం కాదా!”

మునినారాయణప్పది యలహంక పాతపేటలో తాతలనాటి నుండి పాత్రల అంగడి నడుపుతున్న వంశం. ఆయన కూతురు హర్షిత మరునాడు కొండదారి సైకిల్ పందెంలో దిగబోతున్నది. గెలిచిన ఒక్క పిల్లకే రాష్ట్ర జట్టులో చోటు. సరిగ్గా ఆ ముందునాడే వెనుక చక్రం గాలి నిలుపుకోవడం మానేసింది. ఆ సైకిళ్ల టైర్లలో ట్యూబు ఉండదు. రిమ్ములోని చువ్వల రంధ్రాలను మూసి గాలిని బంధించేది లోపల చుట్టిన టేపే. ఆ రిమ్ముకు తగిన వెడల్పు టేపు అంగడిలో ఒక్క చక్రానికి చాలినంతే మిగిలింది.

“సన్నది కట్టలు కట్టలు ఉండాదే! అది తీసుకోమ్మా.”

“సన్నది చాలదంటున్నారండీ ఈయన. ప్లాస్టరు రెండంచులదాకా రావాలట.”

“ప్లాస్టరా!” మునినారాయణప్ప పకాలున నవ్వాడు. “అది ఆసుపత్రిలో వేసేది. పేరు కూడా తెలియకుండా కొనేదానికి వచ్చినావు!”

“నర్సునండీ, నోటికి అదే వస్తుంది,” అని ఆమె బసవరాజు వైపు తిరిగింది. “సన్నది వేస్తే ఏమవుతుంది బాబూ?”

“దిగుడులో మలుపు తిప్పేటప్పుడు గాలి అంచు కింద దూరి టేపు లేస్తాదమ్మా. ఒకే తూరి గాలంతా పోతాది. పైనున్నోళ్లు పడతారు.”

“ట్యూబు వేసుకుంటే?”

“పడరు. కానీ అది తుమ్మముళ్ల దారి. ట్యూబు లేకుంటే టైరులో పోసిన జిగురు మందు కంత పూడుస్తాది. ట్యూబుకు ఒక్క ముల్లు దిగితే పందెం మరిచిపోవాల్సిందే.”

మునినారాయణప్పకు సహనం నశించింది.

“ఈ విచారణంతా ఏంటికి? రేపు నా బిడ్డ హర్షిత గెలవాల! నువ్వు ఇయ్యకుంటే పో, సన్నదే చుట్టిస్తాను. ట్యూబు వేసుకొని ఓడిపోయేది మాత్రం లేదు!”

హర్షిత పేరు వినగానే ఆమె తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది. పిమ్మట చేతిలోని టేపు వంక చూసుకొంది.

“పాప…” అని పెదవులలోనే అనుకొని నిట్టూర్చింది. “పోనీలెండి. ఆడపిల్లను సన్న టేపుతో దిగుడులోకి పంపకండి. మీరే తీసుకోండి,” అని టేపు ఆయన చేతిలో పెట్టింది.

బెంగళూరులో పుట్టి పెరిగిన మునినారాయణప్ప చెవికి ఆ మాట కన్నడంలోనే వినిపించింది. దిక్కులేనివాణ్ణి చూసి ఈ ఊరివాళ్లు నిట్టూర్చి అనే ‘పాప’. అంటే, ‘అయ్యో పాపం’ అని!

ఆయన ఇంతెత్తున లేచాడు.

“ఎవర్ని చూసి పాప అంటావమ్మా? గడప తొక్కినవాణ్ణి లేదనకుండా పంపిన ఇల్లు మాది! నీ జాలితో నా బిడ్డ పందెం తొక్కాల్నా?”

“అయ్యో, అది కాదండీ, నేనన్నది…”

“చాలు! పో!”

ఆమె మాట మింగుకొని మెట్లు దిగిపోయింది. మునినారాయణప్ప ఆ జాలిని తిట్టినంతసేపూ టేపును మాత్రం పిడికిట్లో వదలలేదు.

మరునాడు పందెంలో తొలినుండీ ముందున్నది ఏంజెల్ అనే బక్కపలుచని పిల్ల. ఎంత తొక్కినా హర్షిత ఆమెను అందుకోలేకపోయింది. ఆఖరి చుట్టులో ఏంజెల్ చక్రం చప్పబడింది. ఆ పిల్ల దిగి, దారి వదిలి, సైకిలు నెట్టుకుంటూ నడిచింది. హర్షిత మోచేతికి కొమ్మ గీరుకొని రక్తం కారుతున్నా దిగుడంతా దూసుకొచ్చి ముందుగా గీత దాటింది.

“వెంకటరమణా!” మునినారాయణప్ప రెండు చేతులూ జోడించాడు.

చికిత్స గుడారంలో కూతురి మోచేయి కడుగుతున్న నర్సును చూడగానే ఆయన నొసలు ముడిపడింది. నిన్నటి మనిషే!

“చక్రం బాగా నిలిచిందా అండీ?” అంది ఆమె.

ఆయన ముఖం తిప్పుకొన్నాడు.

“నేను గెలిచినట్టు కాదు నాన్నా,” అంది హర్షిత. “ఏంజెల్ ట్యూబు వేసుకొని వచ్చింది. ముల్లు దిగింది. అట్లయినా అంతదాకా నాకు దొరకలేదు.”

“ట్యూబా! ఈ ముళ్లలోకా!” మునినారాయణప్ప కోపం మరల రాజుకొంది. ఈ మారు అది న్యాయమైన కోపమే అనుకొన్నాడు. “అంత బాగా తొక్కే బిడ్డకు ఒక టేపు తెచ్చి ఇయ్యలేకపోయినారా? ఏం కన్నవాళ్లమ్మా వాళ్లు! నువ్వే చెప్పు, సిగ్గుండాల్నా వద్దా?”

నర్సు గాయంమీద మందు అద్దింది.

“చెయ్యి కదపకు తల్లీ, అయిపోవచ్చింది,” అంది హర్షితతో.

గాలిలేని సైకిలును గుంజకు ఆనించి ఏంజెల్ గుడారంలోకి వచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

“కూర్చో పాపా, వచ్చేస్తా,” అంది నర్సు, తలెత్తకుండానే.

“తొందరేం లేదమ్మా, ముందు తనకు కట్టు,” అంటూ ఏంజెల్ తల్లి పక్కన మోకాళ్లమీద కూర్చొని, హర్షిత మోచేయి కదలకుండా పట్టుకొంది.