టెస్టింగ్ మేడమ్

నలభై దాటితే ఎవరికైనా కళ్లకు సైటొస్తుంది. డిజైనరుకు కళ్లకొక సైటూ, పొట్టకూటికి వారానికొక సైటూ వచ్చేవి.

ఈ వారం వచ్చింది మనసు డాక్టరమ్మ వెబ్‌సైటు.

"వెచ్చగా ఉండాలండీ" అంది డాక్టరమ్మ.

"ఏసీ తీసేద్దాం మేడమ్."

ఆవిడ నవ్వలేదు.

"నెలకి రెండొందల మంది సైటు తెరుస్తున్నారు. ముగ్గురే ఫారం నింపి రాస్తున్నారు. మిగతావాళ్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోతున్నట్టే కదా. వాళ్లు ఏమవుతున్నారో నాకు తెలీదు."

"లోపలికి లాక్కొస్తాను మేడమ్. నాది పూచీ."

"మా మనిషి ఒకావిడ మీకు ఫోన్ చేస్తుంది. సైటు చూసి, ఎక్కడ ఇబ్బందిగా ఉందో చెబుతుంది."

కొత్త సైటును జనానికి కనపడకుండా విడిగా పెట్టి పరీక్షించాలి. డిజైనరుకు బద్ధకం. పాతదాన్ని పీకి, దాని చోటే కొత్తది పెట్టేశాడు. 'సైటులో ఇబ్బంది ఉంటే' అని కింద తన నంబరు వేశాడు. ఫారాలు డాక్టరమ్మకు చేరే దారి ఇంకా కలపలేదు. అవన్నీ అతని మెయిలుకే వస్తాయి.

మర్నాడే ఫోనొచ్చింది. సన్నటి ఆడగొంతు.

"డాక్టరుగారి సైటు చూశానండీ. ఒక మాట చెప్పొచ్చా?"

"మీ ఫోన్ కోసమే కూర్చున్నా. డాక్టరుగారు ముందే చెప్పారు."



"నా గురించి ఆవిడకి తెలుసా?"

"భలేవారే. తెలీకుండా ఎలా ఉంటుందండీ? చెప్పండి టెస్టింగ్ మేడమ్."

ఆమె చిన్నగా నవ్వింది. నవ్వి చాలాకాలమైన మనిషి నవ్వులా ఉంది. కానీ అతనికి ఆ రోజు వినపడింది నవ్వొక్కటే.

"పైన ఫొటోలో నలుగురూ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నారండీ. అలా నవ్వగలిగితే ఇక్కడికెందుకొస్తాం?"

"అది మనసు డాక్టరు సైటులా లేదు, పళ్ల డాక్టరు సైటులా ఉందంటారు. తీసేశా. బదులేం పెట్టమంటారు?"

"ఖాళీ కుర్చీ. కిటికీ వైపు తిప్పి."

పెట్టి చూశాడు. గది వెచ్చబడింది.

రెండోరోజు మళ్లీ చేసింది.

"పుట్టినతేదీ తప్పు కొడితే ఎర్రగా 'చెల్లదు' అని వచ్చిందండీ."

"చెల్లనిది తేదీ మేడమ్, మీరు కాదు."

"తెలుసు. అయినా లేచెళ్లిపోయాను. మళ్లీ వచ్చి కూర్చోడానికి పూటంతా పట్టింది."

'చెల్లదు' తీసేసి 'ఇంకోసారి చూద్దామా' అని రాశాడు.

"కింద బటన్ మీద 'సమర్పించు' ఏంటండీ? నేనేమైనా దరఖాస్తు పెట్టుకుంటున్నానా?"

"'పంపండి' అందామా?"

"పంపించేస్తున్నట్టుంది."

"మరేమందాం మేడమ్?"

"'చెప్పండి' అనండి. ఫోనెత్తగానే మీరన్నారు కదా, అలాగ. ఎవరైనా అలా అంటే బావుంటుంది."

డిజైనరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పదిహేనేళ్ల వృత్తిలో అంత మంచి బటన్ అతనెప్పుడూ కుట్టలేదు.

సోమవారం ఆమె మూడోసారి ఫోన్ చేసింది.

"ఫారం నింపి, ఆ బటన్ నొక్కానండీ. వచ్చిందా?"

మెయిలు తెరిచాడు. నాలుగు నెలలుగా కంటిమీద కునుకు లేకపోవడం, పక్కగదిలో తమ్ముడు టీవీ చూసి నవ్వుతుంటే గోడకు చెవి పెట్టుకుని కూర్చోవడం, ఈ వారం దాటేలా లేనని ఆఖర్న ఒక ముక్క.

"భలే రాశారు మేడమ్. నిజం పేషెంట్లు కూడా ఇంత బాగా రాయలేరు."

"బాగుందా?"

"ఫాంట్లో ఒక్క అక్షరం విరగలేదు. ఒత్తులూ, ఒత్తిడీ రెండూ చక్కగా దిగాయి."

ఆమె ఈసారి నవ్వలేదు.

"తర్వాత డాక్టరుగారు ఫోన్ చేస్తారా?"

"ఆ సంగతి సైటులో రాయనే లేదు, మంచిమాట గుర్తుచేశారు. ఎన్ని రోజుల్లో అని పెడదాం?"

"ఒక్కరోజైతే ఆగొచ్చు."

"అయితే ఒక్కరోజే. ఖాయం."

'ఒక్క రోజులో మేమే ఫోన్ చేస్తాం' అని టైపు చేశాడు. ఆమె పంపిన ఫారం టెస్టుది కాబట్టి చెరిపేశాడు.

గురువారం ఫారాల దారి డాక్టరమ్మకు కలిపాడు. వారం తిరిగేసరికి ముప్పైమంది రాశారు. డాక్టరమ్మ స్వయంగా ఫోన్ చేసింది.

"ఆ 'చెప్పండి' ఎవరి ఆలోచనండీ? అందరూ ఆ మాట చూసే ఆగామంటున్నారు."

"మీ మనిషిదే మేడమ్. నాదేం లేదు."

ఆ మెప్పు అసలు మనిషికి చేరాలనిపించింది. ఆ నంబరుకు చేశాడు. మగగొంతు పలికింది.

"మా అక్క ఫోనండీ ఇది. అక్క లేదు."

"ఎప్పుడొస్తారు?"

"లేదంటున్నాను కదండీ. పోయిన వారం బుధవారమే పోయింది."

"అయ్యో. ఏమైంది?"

"ఏమో. మాకెవరికీ ఏమీ చెప్పలేదు. ముందురోజు మంగళవారమంతా ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది."

డిజైనరు ఫోన్ పెట్టేశాడు. డాక్టరమ్మకు ఈ కబురు ఫోన్లో చెప్పడం మర్యాద కాదనుకున్నాడు. క్లినిక్కు వెళ్లి, చెప్పులు విప్పి, తల దించుకుని నిలబడ్డాడు.

"మీ మనిషి పోయారట మేడమ్. ఇప్పుడే తెలిసింది."

"ఎవరు?"

"సైటు చూసి చెప్పడానికి మీరు పంపారే, ఆవిడ."

డాక్టరమ్మ అతన్ని వింతగా చూసి, లోపలిగది వైపు తిరిగింది.

"వదినా, ఒకసారి ఇలా రా."

చేతిలో ఫైలుతో ఒక పెద్దావిడ బయటకొచ్చి, అతన్ని చూసి నొచ్చుకుంటూ అంది: "మీరేనా డిజైనరుగారు? ఏమనుకోకండి బాబూ, చేద్దాం చేద్దామనుకుంటూనే మీకు ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేకపోయాను."