డ్రైవరు వెనక సీటు

ఆ రోజు కూడా బస్సులో సంచి దగ్గరే గొడవ మొదలైంది.

"సంచి తీస్తే కూర్చుంటాను" అన్నాడు అప్పుడే ఎక్కిన కుర్రాడు.

"కుదరదు. అక్కడ మనిషి ఉన్నాడు."

"ఏడీ మనిషి? సంచేగా ఉంది!"

"వస్తాడు. నువ్వు వెనక్కి వెళ్ళి కూర్చో."

డ్రైవరు అద్దంలోకి చూశాడు. అతని వెనక వరుసలో రెండు సీట్లు. ఒకదాని మీద ఎవరూ కూర్చోకుండా అడ్డంగా టేపు అంటించారు. రెండోదాని మీద గుడ్డసంచి. దాని వెనక సీట్లో పెద్దాయన, ముందుకు వంగి సంచి మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. మాస్కు పైన ఆయన కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి.

డ్రైవరు ఈ బండికి మారి రెండు నెలలైంది. అంతకు ముందు నడిపినతను సెలవులో ఉన్నాడని డిపోలో చెప్పారు. మొదటి రోజు నుంచీ పెద్దాయనది ఇదే వరస. పొద్దున్నే మొదటి స్టాపులో ఎక్కుతాడు. రెండు టికెట్లు తీసుకుంటాడు, తనకొకటి, సంచికొకటి. చివరి స్టాపు దాకా వచ్చి, అదే బండిలో తిరిగి వెళ్తాడు; సాయంత్రం దాకా అదే పని. మధ్యలో ఎక్కడా దిగడు. కరోనాకు భయపడి జనం గుమ్మం దాటడానికే హడలిపోతుంటే ఈయనకు షికార్లు!

కండక్టరు మాత్రం ఆయన జోలికి పోడు.

"టికెట్టు తీసుకున్నాడుగా, పోనీలే అన్నా" అంటాడు.

డ్రైవరు పోనీలే అనుకోలేకపోయాడు. ఇంట్లో అమ్మ ఉంది. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆసుపత్రిలో నర్సు ఖరాఖండిగా చెప్పింది.

"ఆవిడకు సోకితే కష్టం. ఆవిడ ఇక్కడికి తప్ప ఎక్కడికీ వెళ్ళదు. తెస్తే నువ్వే తేవాలి."

ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. ఇంటికి వెళ్ళగానే బట్టలు బయటే విప్పి బకెట్లో పడేస్తాడు. స్నానం చేశాకే లోపలికి అడుగు పెడతాడు. అయినా అమ్మకు మాత్రలు ఇచ్చే ముందు మళ్ళీ చేతులు కడుక్కుంటాడు. అతని సీటు వెనక ప్లాస్టిక్ తెర కట్టిస్తామని డిపోలో ఇదిగో అదిగో అంటూనే ఉన్నారు. తెర రాలేదు. బస్సులో ఎవరు దగ్గినా అతనికి గుండె జారిపోతుంది.

ఆ రోజు దగ్గింది పెద్దాయనే. గొడవపడి గొంతు పొలమారిందేమో, రెండుసార్లు దగ్గాడు.

డ్రైవరు బండి పక్కకు తీసి ఆపేశాడు.

"పెద్దాయనా, దిగు."

"ఎందుకు బాబూ?"

"ఎందుకా? పనీ పాటా లేకుండా పొద్దస్తమానం నా వెనకే తిరుగుతున్నావు. ఇప్పుడు దగ్గు కూడానా? దీన్ని నేను ఇంటికి మోసుకెళ్ళాలా? మా అమ్మకి అసలే డయాలసిస్!"

పెద్దాయన చెయ్యి సంచి మీదే ఆగిపోయింది.

"ఇంట్లో అమ్మ ఉందా?"

"ఉంది. ఉండాలనే నా ఏడుపు."

"నాకు వచ్చి తగ్గిపోయింది బాబూ. ఇది ఉత్త పొలమారడం..."

"అందరూ చెప్పేది అదే. దిగు."

కండక్టరు ఏదో చెప్పబోయాడు. పెద్దాయన వద్దన్నట్టు అతనికేసి చెయ్యి ఊపాడు. సంచి చంకలో పెట్టుకుని మెల్లగా దిగాడు. దిగాక డ్రైవరు కిటికీకి కాస్త దూరంలో నిలబడ్డాడు.

"ఆ సీట్లో మాత్రం ఎవరినీ కూర్చోనివ్వకు బాబూ."

"చాదస్తం" అని గొణుక్కుని డ్రైవరు బండి కదిలించాడు. ఆ పూట అతని ప్రాణానికి హాయిగా అనిపించింది.

మర్నాటి నుంచి పెద్దాయన ఎక్కలేదు. ఆ సీట్లో ఒకావిడ కూర్చుంది. ఆ మర్నాడు ఒక లావుపాటి మనిషి. మాస్కు గడ్డం కింద, ఫోను చెవి దగ్గర. ఎక్కినప్పటి నుంచి దిగేదాకా డ్రైవరు మెడ మీద తుమ్ముతూనే ఉన్నాడు.

"మాస్కు పైకి పెట్టుకో అన్నా!"

"ఎలర్జీలే, ఏం కాదు."

వారం తిరక్కుండా డ్రైవరుకు జ్వరం వచ్చింది. అది బయటపడేదాకా అమ్మకు రోజూ తన చేత్తోనే మాత్రలిచ్చాడు. డయాలసిస్‌కు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు.

పరీక్షలో పాజిటివ్ అని తేలాక డిపో వెనక చిన్న గదిలో ఉంచారు. అక్కడ కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, అమ్మకి కూడా వచ్చింది. ఆక్సిజన్ పెట్టారు. నువ్వు అన్నం తిన్నావో లేదో కనుక్కోమంది."

డ్రైవరు గోడకు తల ఆనించి భోరున ఏడ్చాడు. తెచ్చింది తనే.

ఆ సాయంత్రం కండక్టరు వచ్చి కిటికీ బయట నిలబడ్డాడు. చేతిలో ఆ గుడ్డసంచి.

"పెద్దాయన డిపోకి వచ్చాడన్నా. నీ సంగతి తెలిసి అక్కడే కూలబడ్డాడు. నువ్వు మళ్ళీ బండెక్కాక ఇది ఆ సీట్లో పెట్టుకోమన్నాడు. తనకిక తిరిగే ఓపిక లేదట."

"ఈ సంచి ఎందుకు? అసలు ఆయనకేం కావాలి?"

"నీ వెనక ఎవరూ కూర్చోకూడదు. అంతే. అందుకే రోజూ రెండు టికెట్లు."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు బెదిరిపోతావని వద్దన్నాడు. నీ ముందు ఈ బండి నడిపినతను సెలవులో లేడన్నా. ఆ సీట్లో కూర్చున్నవాడెవడో దగ్గి దగ్గి అంటించాడు. పది రోజుల్లో పోయాడు."

కండక్టరు ఊచల మధ్య నుంచి సంచి లోపలికి తోశాడు. వెళ్ళిపోయాడు.

డ్రైవరు సంచి విప్పాడు. ఉతికి, ఇస్త్రీ చేసి, మడత పెట్టిన డ్రైవరు చొక్కా. జేబుకు గుచ్చిన కార్డు మీద తన బండి నంబరే ఉంది.

ఆ కార్డు మీది ఫొటోలో ఉన్నది పడుచువాడు. కళ్ళు మాత్రం, రెండు నెలలుగా అతను రోజూ అద్దంలో చూసిన పెద్దాయన కళ్ళే.