పాత మోకాలు

చాందికి మోకాళ్లు పోయి ఏడాదయింది.

ఏన్కూరు పక్క తండాలో పొద్దంతా మిర్చి ఏరిన మనిషి, ఇప్పుడు చేతులు నేలకానించి దొడ్డిదాకా దేక్కుంటూ పోతోంది.

"నన్ను సంపెయ్ బిడ్డా" అంటోంది రోజూ.

వినీ వినీ కూతురు పుష్పకు బతుకు మీద విరక్తి పుట్టింది. చివరికి తల్లిని ఆటోలో వేసుకుని ఖమ్మం దవాఖానాకు తీసుకొచ్చింది.

"మోకాళ్లు మార్చాలె" అన్నాడు డాక్టర్. "రెండు మోడళ్లున్నయమ్మా. పాతది చానా ఏండ్ల నుంచి వేస్తున్నం, గట్టిగ నిలబడ్తది. కొత్తది ఇంకా ఎక్కువ వంగుతది, కానీ ఎన్నేండ్లు ఆగుతదో మాక్కూడ తెల్వదు. ఆలోచించుకోని చెప్పు."

ఇంత చెబితే పుష్ప చెవిన పడింది ఒక్కటే మాట. పాతది.

పోయినేడు బోరుకు పాత మోటరు దించారు. అది ఎవరో వాడి అమ్మేసినది. మిర్చి పూత మీదుండగా కాలిపోయి తోటను నిలువునా ఎండబెట్టింది. తండాలో పాతదంటే ఒకరు వాడి వదిలించుకున్నదే మరి. పాత మోకాలంటే ఎవరి కాల్లోంచి పీకిందో ఏమో. బతికున్నోళ్లదో, పోయినోళ్లదో.

అడిగితే పోయేది. పెద్ద డాక్టరు ముందు నోరు పెగల్లేదు పాపం.

బయటికొచ్చి బెంచీ మీద తల్లి పక్కన కూలబడింది.

ఒక ముసలామె చకచకా మెట్లెక్కి వచ్చి, చాందిని చూసి ఆగింది.

"మోకాళ్లా బిడ్డా?"

"అవ్. పాతదా, కొత్తదా అని అడుగుతున్రు."

"పాతదే ఏయించు. నాది దమ్మపేట, సైదమ్మ అంటరు. నా మాటిను."

పుష్పకు ఒళ్లు మండింది.

"ఎవలో వాడింది మా అమ్మకు పెట్టాల్నా? నీకు దవాఖానోళ్లు కమీషనిస్తున్రా ఏంది?"

ముసలామెకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "గట్ల గాదు బిడ్డా..."

"పో అవ్వా, పో. కాళ్లు మంచిగున్నోళ్లకు మా గోస ఏం తెలుస్తది?"

ఇంతలో నర్సు పిలిచింది. పుష్ప గబగబా లోపలికి పోయింది.

"కొత్తయే ఏయుండ్రి సారూ."

ఆపరేషనయ్యాక చాంది నడిచింది. తోటలో గొంతుక్కూర్చుని మిర్చి కూడా ఏరింది. తండా అంతా వింతగా చూసింది.

మూడో ఏట మోకాళ్లలో ఏదో కదలడం మొదలైంది. ఆ తర్వాత మళ్లీ దేకుడే.

డాక్టర్ ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూశాడు.

"వదులైనయి. అందరికి గిట్ల గాదు, కొందరికైతది. తీసి మళ్లీ వేద్దామంటే ఎముక గుల్లబారింది. నడుస్తదని చెప్పలేను. పాతయైతే ఆగేటివేమో."

"ఎవలో వాడినయి ఎట్ల పెట్టిస్త సారూ?"

ఆయన తెల్లబోయాడు. "వాడినయి ఎవరన్న పెడ్తరా తల్లీ? అవి గూడ కొత్త డబ్బా ఇప్పి పెట్టేటియే. పాతదంటే పాత రకం, అంతే."

పుష్ప గోడకు జారగిలబడింది. తల్లి కాళ్లు తన నోటితో తనే విరగ్గొట్టింది. ఏడుద్దామన్నా ఏడుపు రాలేదు.

డాక్టర్ వైపు తిరిగింది.

"ఆనాడు దమ్మపేట సైదమ్మ అని ఒకామె చెప్పింది సారూ. తిట్టి పంపిన. యాడుంటదో చెప్పుండ్రి, పోయి కాళ్లు మొక్కుత."

డాక్టర్ కళ్లద్దాలు తీశాడు.

"మొన్న ఎండలకు పోయిందమ్మా. నేను ఈ పని మొదలుపెట్టిన కొత్తల్ల వేసిన మొట్టమొదటి మోకాళ్లు ఆమెవే, రెండూ పాత రకమే."