మందుల డబ్బా మాట

ఇంట్లో వస్తువులన్నీ మాట్లాడటం మొదలుపెట్టాక, వాటి మాటలు దిద్దే ఉద్యోగాలు పుట్టాయి. అనకాపల్లిలోని మా ఆఫీసుకు నీలవేణి ఆ పని కోసమే వచ్చింది. ఎమ్మే ఇంగ్లీషు చివరి సంవత్సరం. ఆమెకు పని నేర్పాల్సింది నేను.

మొదటి వారమే ఒక ఫిర్యాదు ఇచ్చాను. అప్పలనరసమ్మ అనే ముసలావిడ బీపీ మాత్రలు మానేసి, మాట్లాడే మందుల డబ్బాను దుప్పట్ల అడుగున కుక్కేసింది. నేనైతే డబ్బా గొంతు తగ్గించమని రాసి ఊరుకునేవాణ్ణి. నీలవేణి ఆవిడ ఇంటికే బయలుదేరింది, నన్నూ లాక్కెళ్లింది.

"డబ్బా ఏమంటోందమ్మా?" అని అడిగింది.

"మాత్రేసుకోడంలో ఫెయిలైపోనావంటాది. నానేమైనా పరీచ్చ రాసేనేటి, ఫెయిలవడానికి?"

నీలవేణి నవ్వలేదు. ఆ మాటకు మూలమైన ఇంగ్లీషు వాక్యం తీసి చూసింది. "సార్, ఇంగ్లీషులో 'ఫెయిల్డ్ టు టేక్' అంటే వేసుకోలేదని, మామూలు మాటే. తెలుగులోకి వచ్చేసరికి తిట్టయిపోయింది" అంది.

అక్కడే చాప మీద కూర్చుని ఏడుసార్లు రాసి కొట్టేసింది. ప్రతిసారీ ఆవిడకు చదివి వినిపించింది. ఎనిమిదోది ఆవిడకు నచ్చాక, దుప్పట్ల అడుగునుంచి డబ్బాను తీసి అందులోకి ఎక్కించింది.

మధ్యాహ్నం మాత్ర వేళకు డబ్బా పలికింది: "అన్నం తిన్నావా అమ్మా? మాత్ర కూడా వేసేసుకో."

"ఉండవే, పప్పు దించొస్తన్నాను" అని వంటింట్లోంచి బదులిచ్చింది అప్పలనరసమ్మ. అన్నం తిని, మాత్ర మింగి, డబ్బాను కిటికీలో పెట్టుకుంది.

ఇరవై ఏళ్లుగా నేను దిద్దిన ఏ వాక్యానికీ ఎవరైనా బదులివ్వగా వినలేదు. ఆఫీసుకు రాగానే నీలవేణి ఉద్యోగ కాగితంలో 'శిక్షణలో ఉంది' అన్నది కొట్టేసి, 'ఎడిటర్' అని రాశాను.