ఏలీయా ఉరుము

ఆదివారం ప్రసంగంలో, ఏలీయా వాన కోసం మోకరించాడని నేను చెప్పగానే ఉరుము వినిపించాలి. ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసుకుని, సింథ్ అనే శబ్దాల సాఫ్ట్‌వేర్‌తో ఆ ఉరుము పుట్టించే పని తిప్పేష్‌ది.

చెప్పాను. బెళుగుప్ప ప్రార్థన షెడ్డు రేకులు అదిరేలా ఉరిమింది.

కళ్ళంలో ఆరబోసిన వేరుశనగ తడుస్తుందని సంఘమంతా లేచి పరుగెత్తింది.

“అల్పవిశ్వాసులారా, అది కంప్యూటర్ ఉరుము. నా శెనక్కాయలూ ఆడే ఉండాయి, నేను కదిలినానా?” అని గర్జించాను.

మళ్ళీ ఉరిమింది.

“బాగా చేసినావు గానీ, ఇంగ ఆపప్పా తిప్పేషూ.”

అతను తెర మీంచి తల ఎత్తలేదు. “కోప్పడద్దన్నా. ప్లగిన్ యాడ చెడిందో ఏమో, పొద్దున్నుంచి దీంట్లో ఒక్క శబ్దం కూడా రాలేదు.”

బైబిలు చంకన పెట్టుకుని తడుస్తూ కళ్ళానికి పరుగెత్తాను. అల్పవిశ్వాసులు అప్పటికే నా కాయల మీద టార్పాలిన్ పట్ట కప్పుతున్నారు.