అటకెక్కిన కారు

ఆ సోమవారం పొద్దున కంపెనీవాళ్ళు మూడే మూడు వాక్యాల్లో తేల్చేశారు. ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ ఇప్పట్లో లేదట. మార్కెట్ బాగోలేదట. అభిమానులు అర్థం చేసుకోవాలట.

ఏం అర్థం చేసుకోవాలి, వాళ్ళ మొహం! మూడేళ్ళుగా ఊరించింది వాళ్ళే. "మీ కలల బండిని మీరే గీసి పంపండి" అని పిలిచింది వాళ్ళే. బొమ్మ నచ్చితే డిజైన్ సెంటరుకి పిలిపిస్తామన్నదీ వాళ్ళే. కొమరోలు దగ్గర ఒక పల్లెలో కూర్చుని పవన్ కుమార్ ఆ మాట నమ్మాడు. రెండు వందల పైచిలుకు బొమ్మలు గీశాడు. ఇప్పుడు ఆ కారు అటకెక్కింది. ఇక గీయడం దండగని వాడికి అనిపించింది.

గీసినవన్నీ కార్లపిచ్చోళ్ళ యాప్‌లో పెట్టేవాడు. అందరూ "సూపర్ బ్రో" అని బొటనవేలు చూపించి పోయేవాళ్ళు. ఒక్క మనిషి మాత్రం వదిలేవాడు కాదు. యాప్‌లో ఆయన పేరు 'రాళ్ళదారి'. అసలు పేరేమిటో, ఊరేదో ఎవరికీ తెలియదు. ఒక్కనాడూ మెచ్చుకున్న పాపాన పోలేదు.

'ఏప్రిల్ ఎండకి బ్యాటరీ ఏం కావాలి'

'చార్జింగ్ మూతలో దుమ్ము పడితే'

'ముసలివాళ్ళు ఎక్కే దారేది'

చుక్కా కామా ఉండవు. ఒత్తు మాత్రం ఒక్కటీ తప్పు పోదు, ఫోన్‌కి నోటితో చెబితే అదే రాసుకున్నట్టు. అదీ మధ్యాహ్నం పన్నెండుకీ మూడుకీ మధ్యే రాసేవాడు. ఎవరో పెద్ద ఇంజనీరు, అన్నం వేళ దొరికిన తీరికలో రాస్తున్నాడనుకున్నాడు పవన్. 'సార్' అని పిలిచేవాడు. సార్ వంక పెట్టిన ప్రతి బొమ్మనూ మళ్ళీ గీశాడు. మెట్టు కిందికి దించాడు. మూత పైకి జరిపాడు. నిజం చెప్పాలంటే, ఆ వంకలతోనే వాడికి చేయి తిరిగింది.

ఇంట్లో మాత్రం ఆ భాగ్యం లేదు. నాయన కాటమరాజుతో మాటల్లేక నాలుగేళ్ళు. డిజైన్ కాలేజీలో సీటొచ్చిన రోజున పెద్ద గొడవైంది.

"గొర్రెల్ని ఎవడు చూస్తాడురా? బొమ్మలేస్తే కడుపు నిండుతాదా?" అని నాయన బొమ్మల పుస్తకాన్ని తీసి పొయ్యిలో పెట్టాడు. కాలేజీ మాట అక్కడితో ఆగింది.

అప్పటినుంచి ఇద్దరి మాటలూ అమ్మ చెంచులక్ష్మే మోసేది. ఒకే అరుగు మీద కూర్చుని, "అమ్మా, ఆయన్ని కొంచెం జరగమను" అనేవాడు కొడుకు. "ఏమే, వాడు తిన్నాడేమో అడుగు" అనేవాడు తండ్రి. మధ్యలో ఆమె, "మీ ఇద్దరికీ నేనే దొరికినానా!" అని తల కొట్టుకునేది.

ఆ సోమవారం మధ్యాహ్నమే రాళ్ళదారి సార్ నుంచి మెసేజ్ వచ్చింది.

'వాళ్ళు ఆపితే నువ్వెందుకు ఆపాలి వెనక సీటు ఇంకా కుదరలేదు గీయి'

పవన్‌కి ఒళ్ళు మండింది. గీసి ఎవరి మొహాన కొట్టాలి? జవాబివ్వకుండా మంచమెక్కి పడుకున్నాడు.

సాయంత్రం నాయన మందను దొడ్డికి తోలి వచ్చి, గది గుమ్మంలో నిలబడ్డాడు.

"అన్నం తిన్నావా?" అన్నాడు.

నాలుగేళ్ళలో నేరుగా అడిగిన మొదటి మాట అది. పవన్ గోడవైపు తిరిగాడు. నాయన తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

తెల్లారి దొడ్డి తడిక తీస్తూ కాటమరాజు అక్కడే కూలిపోయాడు. గిద్దలూరు ఆసుపత్రికి చేరేలోపే, ఆటోలోనే, ప్రాణం పోయింది.

'తిన్నా నాయనా.' ఆ రెండు ముక్కలు ఆ సాయంత్రం అని ఉంటే పవన్‌కి ఏం పోయేది? ఇప్పుడు ఎంత ఏడ్చినా వినే మనిషి లేడు. అంత పాపం చేశాడు వాడు. పది రోజులు గడిచాయి.

ఈరోజు పెద్దకర్మ. వెలిగండ్ల నుంచి మేనత్త సునీత మొదటి బస్సుకే వచ్చింది. ఫొటోకి దండ వేశారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ ఫొటో ముందు పెట్టాలి. అమ్మ తలకాయ కూర పెట్టింది. బీడీకట్ట పెట్టింది. ఇంకా ఏదో మరిచిపోయానంటూ ఇల్లంతా తిరుగుతోంది.

పవన్ ఒక మూల కూర్చున్నాడు. నిన్నంతా కూర్చుని గీసిన బొమ్మ చేతిలో ఉంది. వెనక సీటు కుదిరింది. అందులో నాయనని కూర్చోబెట్టి గీశాడు. పక్కన గొంగడికీ కర్రకీ చోటు వదిలాడు. దాన్ని ఫొటో తీసి సార్‌కి పంపాడు.

"ఏందిరా పవనూ, ఈ పూట కూడా ఆ ఫోనేనా? వచ్చి మీ నాయనకి ఒక ముద్ద పెట్టు" అంది సునీత.

"వస్తా అత్తా. ఒక మనిషికి బొమ్మ పంపినా. ఆయన మాట వినాల."

"ఎవరబ్బా అంత గొప్పోడు?"

"మా సార్. నాయన ఎట్లాగూ బాగుందనలేదు. ఈయనన్నా అంటాడేమోనని."

సునీత కొంగుతో కళ్ళు ఒత్తుకుని పక్కకి వెళ్ళింది.

జవాబు రాలేదు. చూసిన గుర్తు కూడా పడలేదు. ఆ సోమవారం తర్వాత సార్ యాప్‌లోకే రాలేదు. కంపెనీ కొట్టిన దెబ్బకి ఆయన మనసు కూడా విరిగిందేమోనని పవన్‌కి భయమేసింది. ఈయన కూడా పోతే ఇక తన బొమ్మ చూసేదెవరు? మూడేళ్ళలో ఎన్నడూ చేయని పని చేశాడు. యాప్‌లోనే కాల్ గుర్తు మీద నొక్కాడు.

అవతల ఒక్కసారి రింగయిందో లేదో, అమ్మ అప్పుడే చార్జింగ్‌లోంచి తీసి తెచ్చి ఫొటో ముందు పెట్టిన నాయన ఫోన్ మోగింది.