అడ్డగీత

“మెట్లు ఎడమపక్కనుండాలి!” తండ్రి చేతికర్రతో గోడను ఠకఠకా కొట్టాడు. “ఎవడయ్యా మార్చింది? ఎవర్నడిగి మార్చాడు?”

నడవాలో వెళ్తున్న ప్రయాణికులు ఆగి చూశారు. కూతురికి తల కొట్టేసినట్టయింది. ఓడెక్కి రెండు రోజులు కాలేదు, ఇది నాలుగో పంచాయితీ.

“మరమ్మతుల్లో మార్చారు సార్,” అన్నాడు వాళ్ళ గది చూసుకునే స్టీవార్డు. తల పూర్తిగా నెరిసింది కానీ తెల్లకోటు మాత్రం మడత నలగలేదు. ఈ ప్రయాణంతో ఓడా, తనూ ఒకేసారి రిటైరవుతున్నామని మొదటిరోజే చెప్పాడు.

“నలభై ఏళ్ళు భూములు కొలిచిన సర్వేయర్ని నేను. ఇనప ఓడలో మెట్లు ఎడమనుంచి కుడికి నడిచొస్తాయా? వాటికేమైనా కాళ్ళున్నాయా? భోజనాల హాలు కిటికీలు గుండ్రంగా ఉండేవి. అవి కూడా మరమ్మతేనా?”

“గుండ్రంగానే ఉండేవి సార్. మూడోది ఎంత లాగినా మూతపడేది కాదు. వానొస్తే కింద బక్కెట్టు పెట్టేవాళ్ళం.”

తండ్రి కర్ర దించాడు. “అదీ! ఇతనొక్కడికి తెలుసు. మిగతా వాళ్ళంతా దద్దమ్మలు,” అని మళ్ళీ అందుకున్నాడు.

యాభై ఏళ్ళ కిందట, పెళ్ళయిన కొత్తలో, మొదటి ఉద్యోగంలో చేరడానికి భార్యతో కలిసి ఆయన ఎక్కిన ఓడ ఇది. ‘ఆఖరి ప్రయాణం’ అంటూ ఓడ పేరుతో పేపర్లో ప్రకటన పడగానే కత్తిరించి కూతురి ముందు పెట్టాడు. తల్లి పోయి ఎనిమిది నెలలు. కాస్త గాలి మార్పు ఉంటుందని ఆమె సెలవు పెట్టుకుని వచ్చింది. గాలి మారింది గానీ ఆయన గోల మారలేదు.

మధ్యాహ్నం వెనక డెక్కు మీద ఇంకా పెద్ద రభస. తండ్రి మోకాళ్ళ మీద కూర్చుని, చెక్క రెయిలింగు అడుగున చేత్తో తడుముతున్నాడు. ఆ చివరినుంచి ఈ చివరిదాకా తడిమి, లేచి కర్ర విసిరికొట్టాడు.

“నున్నగా గీకేశారు! బుద్ధుందా మీకు? గడ్డి తింటున్నారా?”

కూతురు ఇక ఆగలేకపోయింది. “చాలు నాన్నా! అమ్మనీ ఇలాగే అరిచి అరిచి చంపావు. ఇప్పుడు ఊళ్ళోవాళ్ళ మీద పడ్డావు.”

అన్న మరుక్షణమే నాలిక కరుచుకుంది. తండ్రి తిరిగి అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది.

స్టీవార్డు కర్ర తీసిచ్చాడు. “ఏం వెతుకుతున్నారు సార్?”

“గీతలు,” అన్నాడు తండ్రి. “ఏదో మాటన్నానని ఓడెక్కిన రోజునుంచి మా ఆవిడ నాతో మాట్లాడలేదు. రోజుకో గీత చొప్పున జడపిన్నుతో దీని అడుగున గీసింది. ఐదు గీతలు, చిటికెన వేలంత పొడుగు. ఆరోనాడు ఐదింటికీ కలిపి ఒక అడ్డగీత కొట్టి, ‘ఇక మాట్లాడుకుందాం’ అంది.”

“ఇదెప్పుడూ చెప్పలేదేం నాన్నా?” కూతురి గొంతు తగ్గింది.

“చెప్పుకునే గొప్పా ఇది? గోడగడియారాన్ని మీ అమ్మ ఐదు నిమిషాలు ముందు పెట్టుకునేది. తప్పు టైమని నేను సరిచేశాను. దానికి మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగోనాడు మనిషే లేదు.” కర్రతో డెక్కును పొడిచాడు. “ఆ మూడింటికీ అడ్డగీత పడలేదే. కనీసం ఆ పాతదాని మీదైనా ఒకసారి చెయ్యి పెడదామని వచ్చాను. ఈ వెధవలు దాన్నీ మిగల్చలేదు!”

మర్నాడు పొద్దున కాఫీతో పాటు కబురు తెచ్చాడు స్టీవార్డు. “మరమ్మతులప్పుడు రెయిలింగులు ఊడదీసి అటువైపువి ఇటు, ఇటువైపువి అటు బిగించారు సార్. మీరు చెప్పింది కుడిపక్కనుంది.”

“ఆ మాట నిన్న ఏడవలేకపోయావా?” అంటూనే తండ్రి చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరాడు.

స్టీవార్డు చూపించిన చోట చెయ్యి దూర్చాడు. వేళ్ళు ఒక్కొక్క గీతే లెక్కపెట్టుకుంటూ జరిగాయి. ఐదో దాని దగ్గర ఆగి, మళ్ళీ వెనక్కి, అడ్డంగా జారాయి. ఆయన నుదురు రెయిలింగుకు ఆనించాడు.

“గడియారం నీ ఇష్టమొచ్చినట్టే పెట్టుకోవే,” అన్నాడు మెల్లగా.

కూతురు అటు తిరిగి చాలాసేపు సముద్రం చూసింది. తండ్రి లేచి గదికి వెళ్ళాక తనూ చూద్దామని వంగింది. గీతల లోపల చెక్క పాలలా తెల్లగా ఉంది. పొట్టు ఇంకా అంటుకునే ఉంది.

విసవిసా నడిచి వంటసామాన్ల గదికి వెళ్ళింది. స్టీవార్డు కప్పులు తుడుస్తున్నాడు. బొటనవేలికి కట్టు.

“ఆ గీతలు మీరే గీశారు కదూ?”

“అవునమ్మా.”

“సిగ్గులేదూ? పెద్దాయన ఏడుస్తుంటే నాటకమా? మా అమ్మ గీతలు గీకేసింది చాలక, దొంగవి చెక్కి చూపిస్తారా? ఈ ఓడలో మీరెంత పాతవారైతే మాత్రం?”

“నేనిందులో చేరి పదేళ్ళేనమ్మా. అంతకుముందు ఇరవై ఏళ్ళు మీ నాన్నగారు చెప్పే ఓడలో చేశాను.”

“అంటే?”

ఆయన తుడిచిన కప్పును బోర్లించాడు.

“ఆ ఓడని ఎప్పుడో విరగ్గొట్టేశారమ్మా, ఇది అదే కంపెనీ ఓడ, దాని పేరే పెట్టుకున్న చెల్లెలు.”